ఒక్క మేకు లేని గది

మొన్న పేపర్లో సూర్యుడి మీద తుఫాను లేచిందని వేశారు. ఫోన్లు పనిచేస్తాయో లేదోనని మాదాపూర్‌లో మా అపార్ట్‌మెంటంతా పరేషాన్ అయిపోతుంటే నాకు నవ్వొచ్చింది. ఆ తుఫానుతో మా ఇంటికి పాత పరిచయం. డెబ్బైల మొదట్లో అది మా అక్క మొగుడి పరువు మీదికే వచ్చింది.

అప్పుడిక్కడ అద్దాల మేడలెక్కడివి? రాతి గుండ్లు, సీతాఫలం పొదలు, వాటి మధ్య గొర్రెలు. బావ వడ్రంగి. ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టిన నేను ఆయనకు జోడీ. ఒకరోజు కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరొకాయన, భూమి అయస్కాంత శక్తిని కనిపెట్టే సూది కోసం గుండ్ల నడుమ ఒక గది కావాలన్నాడు. పక్కన ఇనుముంటే సూది దారి తప్పుతుందట. అందుకని అంతా కర్ర చీలలు, ఇత్తడి బందులే. బావ ఎంత పట్టుదల మనిషంటే, పొద్దుగూకితే ఉలి, రంపమే కాదు, తన మొలతాడుకున్న తాళంచెవిని కూడా లోపల ఉండనిచ్చేవాడు కాదు. "నీ మొండితనం గూడ ఇనుమే బావా, దాన్నీ బయట పెట్టు" అంటే ఉలి ఎత్తి చూపించేవాడు.

సూది పెట్టిన కొన్నాళ్లకు, దాని కదలికను చూపిస్తూ కాగితం మీద సాఫీగా సాగాల్సిన గీత పిచ్చిపట్టినట్టు ఎగిరింది. ఆఫీసరు పరుగున వచ్చాడు. "ఎక్కడో మేకు కొట్టేశారండీ. తలుపులు విప్పాల్సిందే."

బావ మొహం నల్లబడింది. మేకు దొరికితే ఇక ఆ చుట్టుపక్కల ఆయన్ని పనికి పిలిచేవాళ్లుండరు. "ఊడదియ్యుండ్రి సార్. ఒక్కటి దొరికినా ఇగ జన్మల ఉలి ముట్ట" అన్నాడు. మేమే విప్పాం. దర్వాజా, కిటికీ, చివరికి పైకప్పు పలకలు కూడా. ఏమీ దొరకలేదు. అయినా ఆఫీసరు అనుమానం తీరలేదు. మర్నాడు దూరంగా దక్షిణాన ఉన్న అలాంటి ఇంకో గది నుంచి కబురొచ్చింది: అదే వేళకు అక్కడి సూదీ ఎగిరిందని. సూర్యుడి మీద ఏదో పేలి, అక్కణ్ణుంచి దూసుకొచ్చిన రేణువుల గాలి భూమి అయస్కాంత శక్తినే కుదిపేసిందట.

"మిమ్మల్ని అనుమానించానండీ, ఏమీ అనుకోకండి" అన్నాడు ఆఫీసరు.

"జర జరుగుండ్రి సార్, తలుపు ఎక్కియ్యాలె" అన్నాడు బావ, అంతే.

నేనూరుకుంటానా? "బావా, నీ పనిల వంక పెట్టనీకి సూర్యుడే దిగిరావాల్సొచ్చింది గదా!" అన్నాను. ఆయన నవ్వు ఆపుకోలేక చీల పక్కకు కొట్టాడు.

బావ పోయాడు. ఆ చోట ఇప్పుడు ఇనుపకడ్డీల మీద లేచిన ముప్పై అంతస్తులున్నాయి. ఇన్నేళ్ల కాలం ఆ గదిని మట్టిలో కలిపింది గానీ, అందులో ఒక్క మేకును మాత్రం చూపించలేకపోయింది.