పెద్దామె ముందు, ఊరు వెనక

మధ్యాహ్నం ఒంటి గంటకు హెలికాప్టర్ మమ్మల్ని మంచు మీద దింపింది. రెక్కలు ఆపకుండానే మళ్లీ లేచిపోయింది. గాలి చెవులు కోస్తోంది. ఎదురుగా కొండ, కొండ మీద రాతి ఇళ్లు. కనుచూపు మేర చెట్టన్నది లేదు. మా సెక్షన్ కమాండర్ హర్యానా మనిషి. ఊరికి కాస్త కింద ఉన్న ఒంటి గదిని చూపించి, అదే బడి, అదే పోలింగ్ కేంద్రం, చీకటి పడేలోగా చేరాలి అన్నాడు. నా వీపు మీద స్లీపింగ్ బ్యాగు, రేషన్. భుజాన రైఫిల్. ఓటింగ్ యంత్రాలు మోస్తూ పోలింగ్ సిబ్బంది మధ్యలో నడిచారు. ముందూ వెనకా మేము.

దేశానికి ఉత్తరాన మారుమూల నియోజకవర్గం అది. పేరు చెప్పను. ఇప్పుడు నేను హైటెక్ సిటీలో ఒక ఐటీ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. కేంద్ర బలగాల్లో చేసి వచ్చానని తెలిసి కంపెనీ పిల్లలు టీ తాగుతూ కాల్పుల కథలు చెప్పమంటారు. ఇది చెబితే సగంలోనే ఫోన్లు తీస్తారు. ఇందులో ఒక్క తూటా కూడా పేలదు. అయినా నా సర్వీసు మొత్తంలో నన్ను కుంగదీసిన డ్యూటీ ఇదే.

బడి పంతులు మా కోసం స్టవ్ వెలిగించి కూర్చున్నాడు. ఆ ఊరి ఓటర్ల జాబితా చూసేదీ ఆయనే. ఉప్పు వేసిన టీ పోశాడు. అది మింగడానికి కొంచెం గుండె ధైర్యం కావాలి. మేం మింగుతూ ఉంటే ఆయన ఊరి ఓట్ల చరిత్ర చెప్పుకొచ్చాడు.

వాళ్ల తాతల కాలంలో మొదటిసారి ఓట్ల పెట్టె వచ్చినప్పుడు, అది పెట్టిన గదిలోకి వెళ్తే ఏమవుతుందోనని జనం హడలిపోయారట. ఊళ్లో అందరికంటే పెద్దాయన ముందు వెళ్లి, క్షేమంగా బయటికొచ్చి, సిరా వేలు చూపించాడు. తర్వాత వయసు వరసన అందరూ వెళ్లారు. అదే ఆనవాయితీ అయింది. పెద్దవాళ్లు వేయందే చిన్నవాళ్లు వేయరు. ఉప్పు బస్తాలు పంపిన పార్టీకి కొన్నేళ్లు ఊరంతా వేసింది. రోడ్డు వేస్తామన్న పార్టీకి మరికొన్నేళ్లు వేసింది. రోడ్డు రాలేదు, తుపాకులవాళ్లు వచ్చారు. సిరా ఉన్న వేలు కనిపిస్తే నరుకుతామని గోడల మీద రాశారు. వరసగా రెండు ఎన్నికల్లో పెట్టె ఖాళీగా తిరిగి వెళ్లింది. ఆ తర్వాతిసారి, భర్త పోయి ఊరికి తానే పెద్దదైన ఒకావిడ ఒంటరిగా కొండ దిగి వచ్చి ఓటేసింది. ఆ వేలితో ప్రతి ఇంటి ముందూ నడిచింది. సాయంత్రానికి ఊరంతా వరసలో నిలబడింది.

ఆమె ఇంకా ఉందని పంతులు గర్వంగా చెప్పాడు. తొంభై దాటింది, మోకాళ్లు లేవవు. ఊళ్లో జనం తగ్గిపోయారు. ఈసారి కూడా ఓట్లు సరిగ్గా పడకపోతే కేంద్రాన్ని తీసేసి కింది లోయలో కలిపేస్తామని అధికారులు చెప్పేశారట. అక్కడికి దిగాలంటే ఒక పగలు నడవాలి. కేంద్రం పోయిందంటే ఇక ఏ నాయకుడూ ఈ గుమ్మం తొక్కడు అన్నాడు. అందుకే ముందే జాగ్రత్తపడ్డాడట. వృద్ధులకు ఇంటి దగ్గరే ఓటు వేయించే సౌకర్యం ఉంది కదా, ఆమె పేరు రాయించాడు. కిందటి వారం అధికారులు ఇంటికొచ్చి వేయించుకుని వెళ్లారు. అందరికంటే ముందు ఆమే వేసింది, ఆనవాయితీ కూడా దక్కింది అని నవ్వాడు.

మా వైర్‌లెస్ ఆపరేటర్‌ది గోదావరి జిల్లా. "బాగుందండి. మా అమ్మమ్మకీ ఇలాగే ఇంటికొచ్చి వేయించారు. ఎంత సంబరపడిందో" అన్నాడు.

"గట్లుండాలె. ముసలోళ్లను పరేషాన్ చేయొద్దు" అన్నాను నేను.

పొద్దున ఏడింటికి తలుపు తెరిచారు. సన్నగా మంచు పడుతోంది. తలుపు దగ్గర నేనే కాపలా. తొమ్మిదయినా ఒక్కరూ రాలేదు. ప్రిసైడింగ్ అధికారి కుర్రవాడు, నగరం నుంచి వచ్చినవాడు. లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. పది దాటాక కమాండర్ బైనాక్యులర్ దించి, వస్తున్నారు అన్నాడు.

వరసగా దిగుతున్నారు. ముందు నలభై ఏళ్ల మనవడు. అతని వీపు మీద పిడకలు మోసే బుట్ట, బుట్టలో పెద్దామె. వెనక చేతికర్రల ముసలివాళ్లు, వాళ్ల వెనక నడివయసువాళ్లు, చివరన మొదటి ఓటువాళ్లు. పంతులు ముఖం పాలిపోయింది. ఆమె వేసేసిందని ఆయన ముందే ఊళ్లో చెప్పి ఉన్నాడు. ఆ పొద్దున వరస కట్టే ముందు జనం ఆమె వేలు చూపించమన్నారట. ఇంటి దగ్గర కాగితం మీద వేసే ఓటుకు సిరా పెట్టలేదు. ఆ సంగతి ఆయనకు తట్టనే లేదు. సిరా గుర్తు లేని ఓటును ఊరు నమ్మలేదు, ఆమె అసలే నమ్మలేదు.

అధికారి జాబితాలో ఆమె పేరు పక్కన ఉన్న గుర్తు చూపించాడు. మర్యాదగానే చెప్పాడు. రెండోసారి వేయనిస్తే నేరం. పోనీ సిరా అయినా పెట్టమంది. ఇక్కడ వేసినవాళ్లకే పెట్టాలన్నాడు. ఆపరేటర్ బేస్‌ని పిలిచాడు. చాలాసేపు గరగర తర్వాత జవాబు వచ్చింది, నిబంధన ప్రకారం నడుచుకోండి, ఓవర్ అని.

"ఇప్పుడేం చేద్దామండి?" అన్నాడు ఆపరేటర్ నాతో మెల్లగా.

"మనమేం చేస్తం? మనది కావలి."

నాకు విపరీతమైన కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. అధికారి చెప్పింది సరైనదే. పంతులు మంచే కోరాడు. ఆ నిబంధన పెట్టిందే ఆమెలాంటివాళ్ల కోసం. తిట్టుకోవడానికి ఒక్క మనిషి దొరకలేదు.

ఆమె నా వైపు చూసి మాట్లాడింది. యూనిఫాం వేసుకున్నవాణ్ని కాబట్టి నేనే సర్కారు అనుకుంది. పంతులు ఆమె మాటల్ని హిందీలో చెప్పాడు. "తలుపు మూసుకుని కాగితం మడిచి ఇచ్చాను. ఎవరు చూశారు? ఓటేసి ఉంటే నా వేలు చెప్పేది. తుపాకుల రోజుల్లో కూడా నేను దీన్ని దాచుకోలేదు." అంటూ ఎడమ చేతి వేలు నా ముందు చాపింది. ముడతలు పడిన, శుభ్రమైన వేలు. సిరా సీసా లోపల బల్ల మీద ఉంది.

మీరైనా ముందు వేయండని పంతులు వరసలో రెండో ముసలాయన చేతులు పట్టుకుని బతిమాలాడు. ఆయన కోపగించుకోలేదు. ఆమె బతికుండగా నేను ముందు వెళ్తే, ఆమె పోయినట్టే కదా అన్నాడట.

సాయంత్రం యంత్రాన్ని అలాగే మూసి సీలు వేశారు. ఒక్క ఓటు లేదు. రెండు రోజులకు హెలికాప్టర్ వచ్చింది. మరుసటి ఏడు రిటైరై బాచుపల్లి వచ్చేశాను. కేంద్రం తీసేశారని, ఇప్పుడు ఊళ్లో ఎవరూ ఓటుకు పోవడం లేదని పంతులు ఒకసారి ఫోన్ చేసి చెప్పాడు. పెద్దామె ఉందా అని అడగడానికి నాకు నోరు రాలేదు. మొన్న ఇక్కడ పోలింగ్‌కి కంపెనీ సెలవిస్తే పిల్లలు శని ఆదివారాలు కలుపుకుని గోవా పోయారు. నేను, నా భార్య వీధి చివరి బడికి వెళ్లాం. పది నిమిషాల్లో పని అయిపోయింది.

నా కళ్ల ముందు నుంచి పోనిది ఒక్కటే. వాళ్లు వచ్చిన వరసలోనే తిరిగి వెళ్లారు. బుట్టలో మనిషిని వెనక్కి తిప్పి కూర్చోబెడతారు అక్కడ. కొండ ఎక్కుతున్నారు కాబట్టి అందరి తలల మీదుగా ఆమె ముఖం మాకు కనిపిస్తూనే ఉంది. మలుపు తిరిగేదాకా మమ్మల్నే చూస్తూ వెళ్లింది. సిరా పెట్టాక ఆరేదాకా వేలు దేనికీ తగలకుండా ఎడంగా పట్టుకుంటామే, మంచులో ఆ వేలిని అలాగే పట్టుకుని ఉంది.