మంగళవారం స్పానిష్

న్యూజిలాండ్‌లో, పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్ళో నా మొదటి ఫ్లాట్‌ని మూడు నెలలు తిరక్కుండానే ఎందుకు ఖాళీ చేశానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. యూనివర్సిటీకి దూరమని ఇంట్లో చెప్పాను, చలి ఎక్కువని స్నేహితురాళ్ళకి చెప్పాను, చిన్నప్పటినుంచీ డైరీ రాసే అలవాటున్నా ఆ వారం పేజీలు మాత్రం ఖాళీగానే వదిలేశాను. ఇన్నేళ్ళ తరవాత, వెల్లింగ్టన్ గాలికి కిటికీలు దడదడలాడే ఈ ఇంట్లో కూర్చుని టీ తాగుతుంటే, మొన్న ఆదివారం మన తెలుగువాళ్ళ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. కొత్తగా చదువుకి వచ్చే అమ్మాయికి మా ఫ్లాట్‌లో రూమ్ ఉంది, వంట వచ్చినవాళ్ళయితే ప్రిఫర్ చేస్తాం అని రాసి, చివర రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడెవరో అబ్బాయి. ఆ నమస్కారం చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను వచ్చింది 2014లో. మా నాన్న స్నేహితుడి కొడుకు అప్పటికే అక్కడ చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. అన్నయ్య అనే పిలిచేదాన్ని. పాపం, వెల్లింగ్టన్ ఎయిర్‌పోర్టుకి రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చి మరీ నన్ను తీసుకెళ్ళాడు, పరుపు చూపించాడు, సిమ్ కార్డు కొనిచ్చాడు, పాత సైకిల్ ఇచ్చాడు. ఆ ఫ్లాట్‌లో ఆయన కాక ఇంకో ఇద్దరు అబ్బాయిలు, నాకంటే ఏడాది ముందు వచ్చిన ఒక అక్క ఉండేవారు. వచ్చిన మర్నాడు సాయంత్రం అక్క నా చేతికి గరిటె ఇచ్చి, నేనొచ్చినప్పటినుంచీ ఏడాదంతా వంట నేనే చేశాను, ఇప్పుడు జూనియర్‌వి నువ్వొచ్చావు కదా అంది. నాకు చెప్పిన రూల్ అంతే. ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చినందుకు అమ్మాయి వండిపెట్టాలన్నది ఎవరు పెట్టిన ఆచారమో నాకు తెలియదు. అబ్బాయిలు కూడా ఏటా కొత్తగా వస్తూనే ఉన్నారు, వాళ్ళనీ ఎవరో ఒకరు కారులోనే తెస్తున్నారు, వాళ్ళ చేతికి మాత్రం ఎవరూ గరిటె ఇవ్వలేదు.

అది పాతకాలపు చెక్క ఇల్లు, గోడల్లోంచి చలి దూరేది, మొత్తం మీద వెచ్చగా ఉండేది వంటగది ఒక్కటే. ఎవరైనా అటు వస్తే, నీకేంటమ్మా, హాయిగా స్టవ్ దగ్గర వెచ్చగా ఉంటావు అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నోట్లోంచి మాట పెగలని మనిషిని, నవ్వడం తప్ప ఏం చేస్తాను?

ఆ రోజుల్లోనే ఊరి లైబ్రరీలో మంగళవారం సాయంత్రాలు స్పానిష్ మాట్లాడుకునే చిన్న బృందం ఒకటి ఉందని తెలిసింది. కాకినాడలో ఇంటర్ చదివేటప్పుడు అద్దె పుస్తకాల షాపులో దొరికిన దక్షిణ అమెరికా కథల తెలుగు అనువాదాలు రహస్యంగా, లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివినదాన్ని. ఆ మాటలు అసలు ఎలా వినిపిస్తాయో వినాలని ఎంత కోరికో చెప్పలేను. వెళ్ళాను. పాఠం చెప్పేది చిలీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. మిగతావాళ్ళు ఒక రిటైరైన నర్సు, ప్రయాణానికి సిద్ధపడుతున్న ఒక ముసలి జంట. ఆవిడ ర్ర అనే శబ్దం పలకమంటే కివీలు, అదే న్యూజిలాండ్ వాళ్ళు, నాలుక తిరక్క ఒకరినొకరు చూసి నవ్వుకుంటున్నారు, నాకేమో కుర్రాడు, బుర్ర అన్నంత తేలిగ్గా వచ్చేసింది. ఆవిడ చప్పట్లు కొట్టింది. యూనివర్సిటీ క్లాసులో నేను ఇంగ్లీషులో ఏం చెప్పినా పార్డన్ అని ముందుకు వంగేవాళ్ళు, దాంతో చెప్పబోయింది కూడా మింగేసుకునేదాన్ని. ఇక్కడ అందరమూ తడబడేవాళ్ళమే. నాకు పుస్తకాలు చదవడం ఇష్టం అన్న మాటని, మె గుస్తా లెయెర్ అని, పదిమందిలో గొంతెత్తి చెప్పడం నా జీవితంలో అదే మొదలు. ఆ దేశంలో నాదంటూ నాకు దొరికిన మొదటి వస్తువు ఆ మంగళవారం.

అందుకని మంగళవారాలు వంటకి ఉండనని అన్నం దగ్గర చెప్పాను. ఒకబ్బాయి పప్పు కలుపుకుంటూనే, "స్పానిష్ వస్తే పీఆర్‌కి పాయింట్లేమైనా ఇస్తారా, ఇక్కడే ఉండిపోనిస్తారా?" అన్నాడు. రెండోవాడు, "మనకి కివీ ఇంగ్లీషే బుర్రకెక్కట్లేదు తల్లీ" అన్నాడు. అందరూ నవ్వారు, అక్క కూడా. అన్నయ్య మాత్రం పెద్దమనసు చేసుకుని, "సరేలే, కూర ముందే చేసి వెళ్ళు. రైస్ మేం పెట్టుకుంటాం" అన్నాడు. ఆ మాట ఆయన ఎంత త్యాగంగా అన్నాడో తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను. తీరా ఆ మంగళవారం నేను తిరిగి వచ్చేసరికి అక్క ఇంకా పార్ట్‌టైమ్ పని నుంచి రాలేదు, అబ్బాయిలు ముగ్గురూ సోఫాలో కూర్చుని నా కోసం ఎదురుచూస్తున్నారు. కుక్కర్ బోర్లించినది బోర్లించినట్టే ఉంది. నీళ్ళు ఎంత పోయాలో తెలీలేదట. ముగ్గురూ ఇంజనీర్లు.

ఆ తరవాతి మంగళవారం అబ్బాయిల స్నేహితులు, టౌరంగాలో కివీ పళ్ళ తోటల్లో పనిచేసేవాళ్ళు, వస్తున్నారని, బిర్యానీ చెయ్యాలని పొద్దున చెప్పారు. నాకు ముందుగా చెప్పిందీ లేదు, అడిగిందీ లేదు. సాయంత్రం దాకా ఉల్లిపాయలు తరిగి, మాంసం నానబెట్టి, క్లాసు టైముకి చేతులు కడుక్కుని సైకిలెక్కాను. ఎవరితోనూ పోట్లాడలేదు. మిగిలిన పని చెయ్యడానికి ఇంట్లో నాలుగు జతల చేతులున్నాయి కదా అనుకున్నాను.

మర్నాడు నాన్న ఫోన్ చేశాడు. అన్నయ్య ముందే ఆయనకి ఫోన్ చేసి, అంకుల్, మీ అమ్మాయి సాయంత్రాలు ఎవరో ఫారినర్స్‌తో తిరుగుతోంది, చెప్తే వినట్లేదు, రేపు ఏదైనా అయితే నాకు మాటొస్తుంది అని చెప్పాడట. ఫారినర్స్! ఆ ఊళ్ళో ఫారినర్స్ ఎవరయ్యా, మనం కాదూ? ఒళ్ళో అల్లిక పెట్టుకుని క్రియాపదాలు వల్లించే డెబ్బై ఏళ్ళ నర్సమ్మతోనా నేను తిరిగింది? నాన్న కోప్పడలేదు. అంతకంటే ఘోరంగా, "అబ్బాయికి ఒక మాట చెప్పి వెళ్తే పోయేది కదమ్మా" అన్నాడు, బతిమాలుతున్నట్టు. రోజూ ఐదుగురికి నేను వండుతున్నానని ఆయనకి తెలియదు. చెబితే ఇద్దరు చిన్ననాటి స్నేహితుల మధ్య మాటలు పోతాయి. సరే నాన్నా అని పెట్టేశాను. ఇరవైమూడేళ్ళదాన్ని, ఒక్కదాన్నే సముద్రాలు దాటి వచ్చినదాన్ని, లైబ్రరీకి వెళ్ళినందుకు నా మీద కాకినాడకి ఫిర్యాదు వెళ్ళిందంటే, ఆ అవమానాన్ని ఏ పేజీలో రాసుకోను?

పై మంగళవారం, వచ్చీరాని స్పానిష్‌లో కాదు, తిన్నగా ఇంగ్లీషులోనే, నర్సమ్మని మీ ఇంట్లో గది ఉందా అని అడిగాను. ఆవిడ పార్డన్ అనలేదు. శనివారం వచ్చెయ్యమంది.

ఆవిడ ఇంట్లో చదువు పూర్తయ్యేదాకా ఉన్నాను, నచ్చినప్పుడు వండుకున్నాను, నచ్చనప్పుడు టోస్టు తిన్నాను. స్పానిష్ ఇప్పుడు చాలావరకు మర్చిపోయాను. చిలీ టీచరమ్మ వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. ఇప్పుడొచ్చే అమ్మాయిలు నాలా నవ్వి ఊరుకోరు, కారు నడుపుతారు, పార్ట్‌టైమ్ పని తామే వెతుక్కుంటారు, నచ్చకపోతే మొహం మీదే చెబుతారు. చూస్తే ముచ్చటేస్తుంది. అయినా మొన్న గ్రూపులో వచ్చిన ఆ మెసేజ్ కింద పద్దెనిమిది మంది బొటనవేలు ఎత్తారు, ఒక్కరూ ఇదేమిటని అడగలేదు. అంతా మారిందనుకున్నాను. మనుషులు మారారు, గరిటె అక్కడే ఉంది.

నేను ఫ్లాట్ ఖాళీ చేసిన ఆ శనివారం అన్నయ్య గదిలోంచి బయటికి రాలేదు. అక్క ఒక్కతే నా పెట్టె పట్టుకుని గేటు దాకా వచ్చింది. వెళ్ళొద్దంటుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. పెట్టె కింద పెట్టి, నా మొహంలోకి కాకుండా రోడ్డు వైపు చూస్తూ నాతో అన్న ఆఖరి మాట ఇది.

"నువ్వెళ్ళిపోతే మళ్ళీ నేనే కదే."