వలల అవ్వ, జోర్డాను లోయ

భూమిని నిలిపినవాడికి, నిలిపిన భూమిని తనకు ఇష్టమైనప్పుడు కదిలించేవాడికి, కొండలను పైకి లేపి వాటి పక్కనే లోయలను దించి, ఆ లోయల్లో కూడా మనుషుల కోసం నీళ్లూ చేపలూ దాచిపెట్టిన ప్రభువుకు స్తోత్రం. నాలాంటివాడి నోట తన మాట పలికించి, ఆ నోటివల్ల జరిగిన నష్టాన్ని తానే సరిచేసుకున్నందుకు మరొకసారి స్తోత్రం.

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. బీకాం అప్పుడే పూర్తయింది. కొంపల్లిలో టైల్స్ అమ్మే షాపులో ఉద్యోగం, ఆదివారం పొద్దున మచ్చ బొల్లారంలో మా సంఘంలో పాటలు, సాయంత్రం బాప్తిస్మం తీసుకోబోయేవాళ్లకు క్లాసు. నిజానికి ఆ క్లాసు అయ్యగారిది (మా పాస్టరుగారిని మేమలాగే పిలుస్తాం). ఆయన గొంతు పట్టేయడంతో కొన్ని వారాలు నా చేతికి వచ్చింది. రాగానే నేను చేసిన మొదటి పని గోడకు ఒక పెద్ద మ్యాపు తగిలించడం. దాంతో నాకు మ్యాపు సారు అనే పేరు పడిపోయింది. అది గౌరవమనే అనుకున్నాను.

ఆ క్లాసులో అందరికంటే ముందు, చాప మీద కూర్చునేది వలల అవ్వ. శామీర్‌పేట చెరువులో భర్తతో కలిసి చేపలు పట్టి బతికిన మనిషి. ఆయన పోయాక వలలు అల్లి ఇచ్చేది. ఏళ్ల తరబడి మందిరానికి వస్తోంది, పాటలన్నీ నోటికి వచ్చు. కానీ బాప్తిస్మం అనగానే ‘వచ్చే యేడు సూద్దాం’ అని తప్పించుకునేది. ఆ వేసవిలో ఎందుకో తానే సరేనంది. “గా అవ్వ ఒక్కసారి నీళ్లల్లకు దిగితే నా సేవకు అంతకన్న ఏం గావాలె రా! జర పైలంగ ఒడ్డుదాక తీస్కరా” అని అయ్యగారు రాని గొంతుతో నా చెవిలో చెప్పారు. అంటే నేను చేయాల్సింది ఆమెను బెదరగొట్టకుండా ఉండటమే. నేనేమో ఆమెకు పగులు లోయల గురించి చెప్పాను.

ఎందుకు చెప్పానంటే, ముందు రోజు ఫోన్‌లో వీడియో చూశాను. జోర్డాను నది పారే లోయ నది కోసుకున్నది కాదట. భూమి పైపొర రెండు పక్కలకు సాగి, మధ్య ముక్క కిందికి జారితే ఏర్పడిందట. ఆఫ్రికాలోనూ అలాంటిదే, ఇంకా పొడవైనది ఉందట. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైంది. క్లాసులో నోరు తెరిచాక ఏమీ అర్థం కాలేదు. రెండు పక్కలకు లాగితే మధ్యలో ఖాళీ రావాలి గదా, ముక్క కిందికి దిగడమేమిటి? వాళ్ల ముఖాలు చూస్తే వాళ్లకూ అదే అనుమానం ఉన్నట్టు తోచింది (తర్వాత తెలిసింది, వాళ్లు టీ ఎప్పుడిస్తారా అని చూస్తున్నారు). అందుకని రెండు పాటల పుస్తకాలు తీసుకుని, వాటి మధ్య లావుగా ఉంటుందని పరిశుద్ధ గ్రంథాన్ని పెట్టి, రెండు అరచేతులతో గట్టిగా నొక్కి పట్టుకున్నాను. “ఇదే భూమి అనుకోండి. ఇప్పుడు రెండు దిక్కుల కొంచెం గుంజుతున్న” అని పట్టు సడలించాను. శాస్త్రం ప్రకారం జరగాల్సిందే జరిగింది. మధ్య ముక్క జారి దబ్బున నేల మీద పడింది.

అవ్వ గబగబా లేచి గ్రంథాన్ని తీసి, కొంగుతో తుడిచి, కళ్లకు అద్దుకుంది.

“ఏంది సారూ, దేవుని మాటనే కింద పడేస్తివి!”

“పడెయ్యలే అవ్వా. భూమి గట్లనే దిగుతదని సూపెట్టిన.”

“భూమి దిగుతదా? ఏడ?”

“జోర్డాను కాడ. ప్రభువు బాప్తిస్మం తీసుకున్న కాడ.”

“ఆయన నీళ్లల్ల ఉన్నప్పుడా?”

“కాదు, ఎప్పటిసందో. ఇప్పటికీ మెల్లగ కదులుతనే ఉన్నది.”

“ఇప్పటికీనా!” అంది అవ్వ. ఆ తర్వాత టీ కూడా తాగలేదు.

మరుసటి ఆదివారం ఆమె రాలేదు. గొంతు వచ్చిన అయ్యగారు దాన్ని మొదట నా మీదే వాడారు.

“ఏం జెప్పినవ్ రా అవ్వకు? నీళ్లల్ల నిలవడితే భూమి నోరు తెరుస్తదట, బాప్తిస్మమే వద్దంటాంది.”

“పగులు లోయల గురించి అయ్యగారూ…”

“అది ఏ అధ్యాయంల ఉన్నది?”

“ఏ అధ్యాయంల లేదు.”

“మరి లేని అధ్యాయం నీకెందుకు? నువ్వే ఇరగ్గొట్టినవ్, నువ్వే అతుకు. వచ్చే ఆదివారమే బాప్తిస్మాలు.”

బండి మీద శామీర్‌పేట వెళ్లాను. ఎండలకు నీళ్లు బాగా వెనక్కి తగ్గి, చెరువు అంచంతా బీటలు పడి ఉంది. తుమ్మచెట్టు నీడలో వల అల్లుకుంటున్న అవ్వ నన్ను చూడగానే కాలితో ఒక బీటను చూపించింది.

“గిది ఏంది మరి?”

“గిది ఎండకు పగిలింది అవ్వా. తడి ఆరి మట్టి ముడుసుకున్నది, గంతే. అది వేరే. అక్కడ కిందికెల్లి పగులుతది.”

“కింద ఏమున్నది?”

“మస్తు వేడి. రాయి గూడ మెత్తబడేంత. అది పైకి ఉబ్బితే మీది భూమి సాగి, పలసబడి, సీలుతది.”

అవ్వ చేతిలో వల ఆగిపోయింది. “రాయి మెత్తబడే వేడి, భూమి కింద. సారూ, అది నరకమే గద!”

కాదని చెప్పాలి. కానీ కాదని నాకెలా తెలుసు? ఆ సంగతి బీకాంలోనూ లేదు, టైల్స్ షాపులోనూ లేదు. వీడియో మళ్లీ చూద్దామంటే సిగ్నల్ లేదు. అందుకని మాట మార్చి, ఆ లోయల్లో మనుషులు హాయిగానే ఉంటారని చెప్పాను. దిగబడిన చోటే నీళ్లు చేరి పెద్ద పెద్ద సరస్సులయ్యాయి, గలిలయ సముద్రం కూడా ఆ లోయలోదే, వలలు వేసి బతికేవాళ్లు ఎంతోమంది ఉన్నారు, కొండలు కక్కిన బూడిద కలిసిన నేలలో పంట బాగా పండుతుంది అన్నాను. (చేపల దగ్గరే ఆపేయాల్సింది.)

“కొండలు బూడిద కక్కుతయా?”

“ఎప్పుడో ఒకసారి.”

“భూమి వణుకుతదా?”

“అప్పుడప్పుడు.”

“మరి గా మనుషులు లేసి పోరా?”

“ఏడికి పోతరవ్వా? నీళ్లు ఆడ్నే, చేపలు ఆడ్నే, చేను ఆడ్నే.”

అవ్వ చేతిలోని వల మడిచి పక్కన పెట్టింది. “వాళ్లు మంచోళ్లు గావచ్చు. నా సంగతి వేరే బిడ్డా. అయ్యగారు కొత్తల మా గల్లీకి పాటలు పాడుకుంట వస్తే, చేపలు కడిగిన నీళ్లు ఆయన మీద గుమ్మరించిన. దేవుని మనిషికి ఎదురు తిరిగినోళ్లను భూమి మింగిందని వాక్యంలనే విన్న. నోరు తెరిసే భూమి నిజంగనే ఉన్నదని నువ్వు జెప్తివి. ఇగ నన్ను ఇడుస్తదా?”

భూగోళం వైపునుంచి వద్దామంటే వాక్యం అడ్డం వచ్చింది, వాక్యం వైపునుంచి వద్దామంటే నా భూగోళమే అడ్డం పడింది. ప్రభువు క్షమిస్తాడని అన్నాను. “ఆయన ఇడుస్తడు, భూమి ఇడువాలె గద” అంది. చివరికి అవ్వే ఒక దారి చూపింది. “నువ్వు నా ముందుగాల నడువు. నీ కాలి కింద గట్టిగుంటే నేనొస్త.” పరేషాన్‌లో ఉన్నవాణ్ణి, వెంటనే ఒప్పుకున్నాను. నాకు ఈత రాదన్న సంగతి ఇల్లు చేరాక గుర్తొచ్చింది.

ఆదివారం పొద్దున సంఘమంతా శామీర్‌పేట చెరువు ఒడ్డున చేరి పాట ఎత్తుకుంది. అయ్యగారు నడుము లోతు నీళ్లలో నిలబడ్డారు. తెల్లచీరలో అవ్వ, ఆమె ముందు నేను, ఒక్కో అడుగూ తడుముకుంటూ దిగాం. “గట్టిగున్నదా?” “గట్టిగున్నదవ్వా.” “ఇప్పుడు?” “ఇప్పుడు గూడ.” అవ్వ ముఖం తేరుకుంది, నాకూ ధైర్యం పెరిగింది. ఆ ధైర్యంలో కాస్త పెద్ద అడుగు వేశాను. అక్కడ ఎవరో జేసీబీతో మట్టి ఎత్తుకుపోయిన గుంత ఉంది. నేను ‘గట్టి…’ అనడం సంఘం విన్నది, మిగతాది చేపలు విన్నాయి.

కిందికి పోతూ ఏమనుకున్నానో గుర్తులేదు. పైకి ఎలా వచ్చానో మాత్రం తెలుసు. ఒక చేయి నా కాలర్ దొరకబుచ్చుకుని, బరువెక్కిన వలను గుంజినట్టు గుంజింది. కళ్లు తెరిచేసరికి నేను దగ్గుతున్నాను, ఒడ్డున పాట ఆగిపోయింది, అవ్వ నవ్వుతోంది. ఆమె అంతగా నవ్వడం మేమెవరమూ చూడలేదు.

“అయ్యగారూ, సూసిండ్రా! చేపల నీళ్లు పోసిన నన్ను ఇడిసిపెట్టి, వాక్యం జెప్పే సారును మింగవట్టె! అంటే భూమికి మనుషుల గుర్తే లేదు. ఎవ్వలు పాపాత్ములో దానికేం ఎరుక? ఊకెనే భయపడితి. జల్దీ ముంచుండ్రి నన్ను.”

అయ్యగారు నవ్వు ఆపుకోలేక రెండుసార్లు ప్రార్థన మొదలుపెట్టి, మూడోసారికి ఆమెను ముంచి లేపారు. ఒడ్డున హల్లెలూయా మిన్నంటింది. తల మీద నీళ్లు కారుతుండగా అవ్వ నా వైపు చెయ్యి చూపి, “సారును గూడ ఇంకోసారి ముంచుండ్రి అయ్యగారూ, ఇందాకటిది మీ చెయ్యి పడకుంటనే అయింది” అంది.

అవ్వ ఇప్పుడు ప్రభువు దగ్గర ఉంది. నాకు కళ్లజోడు వచ్చింది, జుట్టు పలచబడింది. మధ్య ముక్క ఎందుకు దిగుతుందో ఇప్పుడైతే ఇంచుమించు చెప్పగలను: పక్కల ఒత్తిడి సడలితే దానికి పట్టు పోతుంది, అంతే. భూమి కింద వేడి నరకమా కాదా అని మాత్రం ఎవరైనా అడిగితే, తెలియదంటాను. ఆ మాట అనడం నేర్చుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది. తడిబట్టలతో ఒడ్డున వణుకుతూ, తను చెడగొట్టింది ఎలా బాగుపడిందో అంతుపట్టక బిక్కముఖం వేసిన ఆ కుర్ర సారును తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది. వాణ్ణి చూసి ప్రభువు కూడా నవ్వే ఉంటాడు.

చదివిన మీరు ఒక్క నిమిషం తల వంచి నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, గోరు పెరిగేదానికంటే మెల్లగా విడిపోతున్న నేల మీద ఇల్లు కట్టుకుని, ఈ పొద్దున కూడా వల భుజాన వేసుకుని నీళ్ల వైపు నడిచిన వాళ్లందరినీ కాపాడు. మా కాళ్ల కింది నేల గట్టిదని గర్వపడకుండా మమ్మల్నీ కాపాడు. ఆమేన్.