మగ్దలీనమ్మ ఊపిరి

మైపాడు మంత్రసాని మగ్దలీనమ్మను నోట్లో పొగాకు లేకుండా చూసినవాళ్లు లేరు. కాన్పుకు పోతే ముందు మొగవాళ్లను బయటికి తరిమేది, తర్వాత నొప్పులు పడేదాన్ని తిట్టేది. తిట్లు తింటే బిడ్డ తొందరగా దిగుతుందని ఆమె నమ్మకం. కొత్తగా వచ్చిన పంచాయతీ సమితి వాళ్లు మంత్రసానులను నెల్లూరుకు శిక్షణకు పంపినారు. అక్కడ నర్సు నవోమి గుడ్డబొమ్మ చేతికిచ్చి, పుట్టిన బిడ్డ ఊపిరి తీయకపోతే నోరు తుడిచి, నోట్లో నోరు పెట్టి మెల్లగా ఊదాలని చెప్పింది. "మొగుడికే ముద్దు పెట్టినదాన్ని కాదు, బొమ్మకు పెట్టాల్నా?" అన్నది మగ్దలీనమ్మ. అందరూ నవ్వినారు. నవోమి నవ్వలేదు. "ఊదక్కా" అన్నది. సణుగుతూనే ఊదింది.

ఆ ఏటి వానల్లో జకరయ్య పెళ్లాం కన్న మగబిడ్డ నీలంగా, కదలకుండా బయటపడినాడు. వీపు చరిచినా, తిట్టినా ఏడవలేదు. జకరయ్య తల్లి ఎలిశబెతు కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. మగ్దలీనమ్మ పొగాకు ఉమ్మేసి, నోరు పుక్కిలించి, బిడ్డ నోరు తుడిచి ఊదడం మొదలుపెట్టింది. ఊదగా ఊదగా బిడ్డ ఒక ఎక్కిలి పెట్టి, ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చినాడు.

"దేవుడే ఊపిరి పోసినాడు" అంటూ ఎలిశబెతు మోకాళ్ల మీద పడింది.

మగ్దలీనమ్మ అక్కడే కూలబడి దవడలు రుద్దుకుంది. "ఆయన మట్టితో చేసిన ఆదాముకు ఒక్కసారి ఊదితే సరిపోయింది వదినా. మీ వాడికి ఊది ఊది నా దవడలు పడిపోయినాయి."