దక్షిణపు గోడకు అమ్మ పెట్టిన కన్నం

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మా ఆయన హాల్లో సాంబ్రాణి కప్పు వెలిగిస్తాడు. దోమలు పోతాయి, దేవుడికి బాగుంటుంది, మధ్యాహ్నం వేయించిన చేపల వాసన చస్తుంది, ఒక్క కప్పుతో మూడు పనులని ఆయన లెక్క. నా ఊపిరి తీయడమనే నాలుగో పని మాత్రం ఆ లెక్కలోకి రాదు. నాకు నలభై దాటాక ఆస్తమా వచ్చింది. ఇంట్లో పొగ పెట్టొద్దు, కిటికీలు తెరిచి ఉంచండి అని నరసరావుపేటలో డాక్టరు చెప్పినప్పుడు ఈయన పక్కనే కూర్చుని బుద్ధిమంతుడిలా తలూపాడు. ఇంటికొచ్చి, ఏసీ చల్లదనం పోతుందని కిటికీలన్నీ బిగించి, కప్పు వెలిగించాడు. ఇదేంటని అడిగితే, "ఇది పొగ కాదే, సాంబ్రాణి" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊది ఏం లాభం?

ఆ వాసన తగిలితే చాలు, రెంటచింతల దగ్గర మా ఊళ్లో మట్టిగోడల ఇల్లు గుర్తొస్తుంది. ఎండలు ముదిరితే పొద్దెక్కకముందే తలుపులన్నీ మూసేసేవాళ్లం. ధర పెరిగితే అమ్ముదామని నాన్న నడింట్లో మిరపకాయలు పోయించి పెట్టేవాడు. ఆ ఎర్రటి కుప్ప పక్కనే చాప వేసుకుని మేం గచ్చకాయలు ఆడుతూ, తుమ్ముతూ, ముక్కులు తుడుచుకుని మళ్లీ ఆడేవాళ్లం. వంటింటికి కిటికీ లేదు, నడింట్లోకి తెరుచుకునే తలుపొక్కటే. పత్తికట్టె చిటపటలాడుతూ మండి, పొగ ఎటు పోవాలో తెలియక వాసాల కింద తిరిగి తిరిగి, నల్లగా దిగి మా మీదికే వచ్చేది. ఉగాది నాడు బూరెలు వేగే కమ్మని వాసన, పులిహోర తాలింపులో మాడే ఎండుమిరప ఘాటు, పిడకల పొగ కలిసి వస్తుంటే ఇంటిల్లిపాదీ దగ్గుతూనే ఇంకో బూరె ఇమ్మని అడిగేవాళ్లం. వేసే మనిషి ఎలా ఉందో మాత్రం ఎవరూ తొంగి చూసేవాళ్లు కాదు.

అమ్మకు ముప్ఫై దాటాక ఆయాసం మొదలైంది. నాలుగు కట్టెలు ఎగదోసేసరికి ఛాతీలోంచి పిల్లికూతలు వినపడేవి. మా నాయనమ్మ మంచిదే, కోడలంటే ప్రేమే, ఆ ప్రేమతోనే చంపినంత పని చేసింది. ఊపిరాడని మనిషికి గాలి సోకకూడదని ఆమె సిద్ధాంతం. అమ్మ చెవులకు గుడ్డ బిగించి, దుప్పటి కప్పి, తలుపులు మూసి, కుంపట్లో వాము, సాంబ్రాణి వేసి మంచం కింద పెట్టేది. అమ్మ లేచి కూర్చుని గుక్క తిప్పుకోలేకపోతే, ఇది దిష్టే అని మిరపకాయలు తిప్పి అదే నిప్పుల్లో వేసేది. ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. ఎటు తేలినా పొగ పీల్చేది అమ్మే. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

ఒకసారి నాన్న మిరపకాయల బేరానికి గుంటూరు వెళ్లాడు. అన్నం ఉడుకుతుండగా అమ్మ ఉన్నట్టుండి లేచి, పెదవులు నల్లబడి, గోడ పట్టుకుని నిలబడిపోయింది. అమ్మ చచ్చిపోతుందనుకుని నేనూ తమ్ముడూ ఏడుపు మొదలుపెట్టాం. కాస్త తేరుకున్నాక ఆమె దొడ్లోంచి గునపం తెచ్చి, పొయ్యి వెనక గోడను పొడవడం మొదలుపెట్టింది. నాయనమ్మ లబలబలాడుతూ పరుగెత్తుకొచ్చింది.

"దచ్చిణం గోడే అది! యముడికి దారి పెడతన్నావటే!"

"ఊపిరాడక సస్తే ఆయన తూర్పు వాకిట్లోంచే వస్తాడత్తా" అంది అమ్మ, ఆగి ఆగి పొడుస్తూనే.

తలపట్టేంత కన్నం పడింది. పొగ తాడు పట్టి లాగినట్టు బయటికి పోయింది. అమ్మ ఆయాసం పూర్తిగా పోలేదు గానీ, వంట చేస్తూ మాతో మాట్లాడగలిగేది. అంతకుముందు పొయ్యి ముందు అమ్మ గొంతు ఎలా ఉంటుందో మాకు తెలియదు. వారం తిరక్కుండా నాయనమ్మ కూడా మధ్యాహ్నాలు ఆ కన్నం కిందే కొంగు పరుచుకుని పడుకోసాగింది.

ఆ ఏడు మిరప ధర పడిపోయింది. నాన్న సిద్ధాంతిని పిలిపించాడు, సిద్ధాంతి కన్నం వైపు వేలు చూపించాడు, నాన్న ఇటుకలు పెట్టి మూసేశాడు. ధర పల్నాడంతా పడింది, అంటే మా వంటింటి కన్నం వల్ల మాచర్ల రైతులు, గురజాల రైతులు కూడా మునిగారన్నమాట! అమ్మ మర్నాడు మూడు రాళ్లు తెచ్చి వీధి వాకిట్లో పొయ్యి పెట్టి, రోహిణికార్తె ఎండలో వంట మొదలుపెట్టింది. నాన్న చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఆదివారం వచ్చింది. చర్చిలో పూజ అయ్యి జనం మా వీధినే వస్తున్నారు. ఎదురింటి ఇన్నమ్మత్త ఆగి, అందరికీ వినపడేలా అడిగింది.

"ఏందమ్మే, ఇంట్లోంచి ఎళ్లగొట్టారా ఏంది?"

"ఆళ్లు కాదొదినా, వాస్తు ఎళ్లగొట్టింది."

వీధి వీధంతా నవ్వింది. అరుగు మీద పేపరు చదువుతున్న నాన్న లేచి లోపలికి పోయాడు. పొయ్యి మీద కూర దిగేలోపే ఇటుకలు ఊడదీసిన చప్పుడు వినపడింది. గాలి కోసం కాదు, పరువు కోసం తీశాడు. తర్వాత వడ్రంగిని పిలిచి చెక్క కిటికీ కూడా పెట్టించాడు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. మిరపకాయలు కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయి, ఊరంతా గ్యాస్ పొయ్యిలే. నేను నరసరావుపేటలో మూడో అంతస్తులో ఉంటున్నాను, పొయ్యి తెచ్చి పెట్టుకోవడానికి వాకిలి లేదు. మొన్న ఆదివారం కప్పు వెలిగించగానే విసుగొచ్చి, కుర్చీ బయటికి లాక్కుని లిఫ్టు పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాను. ఎవరైనా ఒక్కరు ఆగి ఏందక్కా అని అడుగుతారని నా ఆశ. పై అంతస్తు వాళ్లు ఫోనులో మాట్లాడుకుంటూ కుర్చీని తప్పించుకుని పోయారు. పక్కవాటా ఆవిడ చిన్నగా నవ్వి తన తలుపు వేసుకుంది. కాసేపటికి మా తలుపు కదిలింది. మా ఆయన తల బయటికి పెట్టి నన్నూ, చిక్కుడుకాయలనూ చూశాడు.

"బయట బాగుందా? ఉండు ఉండు" అని, ఏసీ చల్లదనం పోకుండా లోపల్నించి తలుపు వేసుకున్నాడు.