నూరీ ఇక్కడ లేదని చెప్పాను

"ఆవిడిక్కడ ఉండట్లేదండి. పుట్టింటికెలిపోనాది," అనేశాను.

"ఎప్పుడొత్తది?" అన్నాడు కానిస్టేబుల్.

"నాకేటి తెలుసండి? మొగుడితో పడదంట. తిరిగొచ్చీది అనుమానవే."

పాస్‌పోర్టు ఎంక్వైరీకి వచ్చాడు. నూరీ వాటాకి తాళం ఉంటే, పక్క వాటాదాన్ని కదా అని నన్నడిగాడు. చెప్పింది రాసుకున్నాడు. మంచినీళ్లడిగితే చెంబుతో ఇచ్చాను. తాగి వెళ్లిపోయాడు.

నూరీ ఏ పుట్టింటికీ వెళ్లలేదండీ. జాలరిపేటకి చేపలకి వెళ్లింది. కాసేపటికే వచ్చింది, నా వంతు కవళ్ల చేపలు వేరే పొట్లం కట్టించుకుని మరీ.

ముల్లు గుచ్చుకుంటే వట్టి అన్నం ముద్ద మింగమంటారు కదా. ఇన్నేళ్లలో ఎన్ని ముద్దలు మింగానో, ఆ మాట గొంతు దిగలేదు. మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మీ మొహం నేను చూడలేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

పాతవూళ్లో ఒకే వరండాకి రెండు వాటాలు మావి. నూరీ మొగుడు సలీమూ మా ఆయనా ఒకే సరుకు ఓడలో ఇంజను పని. మగాళ్లు బావా బావా అనుకునేవారు కాబట్టి మేం వదినలమైపోయాం. ఆ ఏడాది ఓడ మరమ్మతుకి జర్మనీలో చాన్నాళ్లు ఆగుతుందని తెలిసింది. సలీమ్ వాళ్లన్నకి అక్కడ మోటారు షెడ్డు ఉంది. పాత వేన్ ఒకటి ఇస్తాను, మీ ఆడవాళ్లని విమానంలో రప్పించుకోండి, నలుగురూ యూరప్ చుట్టి రండి అన్నాడట.

ఇంక మా సంబరం చూడాలి! నేను చదివింది ఎనిమిది. జర్మనీ ఎటుందో కూడా తెలీదు. నూరీ ఎక్కడినుంచో స్కూలు పటం తెచ్చి గోడకి కొట్టింది. పూలు కట్టుకునే దారం పటం మీద వంకరటింకరగా పరిచి, ఆగే ఊరికల్లా ఒక ముడి వేశాం. వరండాలో బల్ల మా వేన్. మొగుళ్లు ఓడ మీద ఉంటే వాళ్లకి బదులు ముందు రెండు బిందెలు పెట్టి, వెనక మేం కూర్చునేవాళ్లం. కిటికీ పక్క సీటుకి రోజూ తగువే. ఎండుచేపలు పట్టుకెళ్దామని నేను, ఆ వాసనకి పోలీసులు బండి ఆపేస్తారని నూరీ. నవ్వీ నవ్వీ నాకు పొలమారేది.

మగాళ్లు సెలవుకొచ్చి వెళ్లారు. నూరీ పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టింది. నాది తర్వాత పెడదామన్నాడు మా ఆయన. అప్పుడైనా నాకెందుకు తట్టలేదు?

ఆ తర్వాత ఒకరోజు నూరీ బియ్యం ఏరుతూ, తలెత్తకుండా అంది, "వదినా, వేన్ సిన్నదంట. ఇద్దరికే సరిపోద్దంట. ఏటనుకోకు."

నేను ఏమీ అనుకోలేదన్నాను. లోపలికెళ్లి ఏడ్చాను. మా ఆయనకి ఉత్తరం రాస్తే, వాళ్లు వద్దంటే మనమేం చేస్తాం అని జవాబొచ్చింది. ఇంక నా కడుపు మండిపోయింది. ముడులన్నీ నా చేత వేయించుకుని, ఊళ్ల పేర్లన్నీ నా చేత వల్లె వేయించి, చివరికి బల్ల మీంచి నన్నే తోసేసిందే అనుకున్నాను. ఆ దారం తెంపుకొచ్చి మా ఇంట్లో మేకుకి తగిలించాను. నాకు ద్రోహం జరిగిందని రాత్రీ పగలూ అదే నమిలాను. ఆ మంటలో ఉండగానే కానిస్టేబుల్ వచ్చాడు. కోపంలో నోరు జారిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. జారితే ఒక మాట జారుతుంది. మొగుడితో పడదని కూడా ఎందుకు కల్పించాను?

పాస్‌పోర్టు రాలేదు. పోస్టుమేన్ సైకిలు గంట వినబడితే నూరీ బల్ల మీంచి లేచేది. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసేదాన్ని. చివరికి ఓడ అక్కడికి చేరడం, బాగవడం, కదిలిపోవడం అన్నీ అయిపోయాయి.

మగాళ్లు తిరిగొచ్చారు. సలీమ్ ఒక ఫొటో తెచ్చాడు. నీలం వేన్, పక్కన తనొక్కడే. ఎక్కడికీ తిరగలేదట. నూరీ లేకుండా తాళం తిప్పబుద్ధి కాలేదన్నాడు. ఆ ఫొటోలో ఖాళీ మీద వేలుపెట్టి, "ఇది నా జాగా," అని నూరీ నవ్వింది. ఆ సాయంత్రం వరండాలో అందరికీ నేను టీ పోస్తున్నాను. సలీమ్ మా ఆయన వీపు మీద చరిచాడు.

"నీ వల్లే బావా అంతా పాడైపోనాది. నలుగురం ఎల్దాం రా అంటే, మా ఇంటిదొద్దు, దాని నోరు ఊరుకోదు, దొరల కాడ పరువు పోద్దన్నావ్!"

నూరీ గభాలున నా చెయ్యి పట్టుకుంది.

"నీకు బాధేత్తాదని నానే వేన్ సిన్నదన్నాను వదినా. మా మీద కోపవొస్తే వచ్చింది, మీ ఆయన మీద రాకూడదనుకున్నాను."

నన్ను వదిలేసినవాడు నా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన నింద తన మీద వేసుకున్నదానికి నేను దారి లేకుండా చేశాను. అప్పుడే చెప్పేయొచ్చు కదా? ఇంత నోరున్నదాన్ని. ఇప్పటికీ నూరీకి చెప్పలేదు. పాస్‌పోర్టు ఎందుకు రాలేదో వదినా అని అప్పుడప్పుడూ నన్నే అడుగుతుంది. మీరు క్షమించాలని చెప్పడం లేదు, అది మీ చేతుల్లో లేదు. ఇన్నాళ్లకి ఒక మనిషికి చెప్పాను, అంతే. ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది.

ఆ టీ తాగిన మర్నాడు పొద్దున్నే లేచి మేకుకున్న ఆ దారం తీశాను. ముడులు విప్పకుండానే దాంతో కనకాంబరాలు కట్టాను. నూరీ వరండాలో జడ అల్లుకుంటోంది. నీ మొహం అటు తిప్పవే అన్నాను. తిప్పింది. ఆ మాల దాని జడలో పెట్టాను.