ఒక్క మనిషికి వంద శాతం

కౌన్సెలింగ్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి నాకు ఇరవై మూడేళ్లు. ఆ చదువు కాలేజీలోనే పద్ధతిగా చదివాను. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పలేదు. గోదావరిఖని చౌరస్తాలో పాత పుస్తకాల బండి మీద దొరికిన గణాంకాల పుస్తకం ఒకటి, గళ్ల నోటుబుక్కులు పదకొండు, వేసవి సెలవులు నాలుగు. ఇదే నా బడి. ఆలస్యంగా నేర్చుకున్నాను కాబట్టి భయం ఎక్కువ. ఏ మొత్తాన్నయినా పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడితే గానీ నమ్మను.

ఆ నోటుబుక్కుల్లో నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. పట్టికలో ఏ గడిలోనైనా ఐదుగురి కంటే తక్కువ వస్తే ఆ గడి అచ్చుకు పోకూడదు, పక్క గడిలో కలిపేయాలి. పేరు తీసేసినంత మాత్రాన మనిషి మాయం కాదు. మా దగ్గర అసలే కాదు. ఎవరు ఏ షిఫ్టుకు పోతారో, ఎవరింట్లో ఏ భాష మాట్లాడతారో, ఎవరి ఉద్యోగం ఎవరి చావుతో వచ్చిందో కాలనీలో అందరికీ తెలుసు.

ఈ నియమం మా శాఖ పెద్దకు కూడా తెలుసు. నాకంటే ఆరేళ్లు పెద్ద, నేను అన్న అనే పిలిచేవాణ్ణి. ఎదుట మనిషి ఏడుస్తుంటే నోరు మూసుకుని కూర్చోవడం నాకు నేర్పింది ఆయనే. "నీళ్ల గ్లాసు గూడ జరపకు తమ్మీ. నీళ్లిచ్చినవంటే ఇగ ఏడుపు ఆపుమన్నట్టే" అనేవాడు. కార్మికుల కాలనీ కమ్యూనిటీ హాలు వెనక గదిలో ప్రతి శనివారం ఉచితంగా కౌన్సెలింగ్ మొదలుపెట్టింది మేమిద్దరమే. కుర్చీలు ఆయన ఇంటినుంచి, బల్ల మా ఇంటినుంచి తెచ్చుకున్నాం.

ఆ గదికి వచ్చే ఆడవాళ్ల మీద పరిశోధన చేద్దామన్నది నేను. ఇది దాచను. గనిలో భర్త పోతే ఆ ఉద్యోగం భార్యకు వస్తుంది. ఉద్యోగం ఒకటే అయినా అందరి బతుకూ ఒకటి కాదు. కులం, మతం, ఇంటి భాష, పనిచేసే చోటు బట్టి ఎట్లా మారుతుందో చూడాలనిపించింది. పేర్లుండవు, గుర్తుపట్టేలాంటిదేదీ బయటికి రాదు అని ఒక్కొక్కరికీ నా నోటితో చెప్పి, కాగితం మీద సంతకం తీసుకున్నాను.

వాళ్లలో ఒకామె లాంప్ రూంలో పని చేసేది. గనిలోకి దిగేవాళ్లకు నంబర్లు వేసిన తలదీపాలు ఇచ్చి, పైకొచ్చాక తిరిగి తీసుకునే చోటు అది. ఇంట్లో ఉర్దూ, బయట మాలాగే తెలుగు. ఏడేళ్ల కూతురుతో, అత్తతో కలిసి క్వార్టర్‌లో ఉండేది. భర్త పోయి మూడేళ్లు. ఐదు శనివారాలు కూతురి చదువు గురించే మాట్లాడింది. ఆరో శనివారం అసలు సంగతి చెప్పింది.

"మళ్ల నిఖా చేసుకుందామనుకుంటున్న సార్. నస్పూర్ల మెకానిక్, మంచోడే. కాని మా అత్తమ్మకు ఇప్పుడే తెల్వద్దు. తెలిస్తే పిల్లను పట్టుకపోతది. పిల్ల లేంది నేనుండలేను. జర అంతా కుదిరినంక నేనే చెప్పుకుంట."

"ఈ గది దాటదు" అన్నాను.

నివేదిక కోసం రెండు పట్టికలు తయారుచేశాను. మొదటిది నా లెక్క సరిచూసుకోవడానికి, అన్ని గడులూ విడివిడిగా ఉన్నది. రెండోది చిన్న గడులన్నీ కలిపేసినది. మొదటిదాంట్లో, మళ్లీ పెళ్లి ఆలోచన ఉన్నవాళ్ల వరుసలో, ఒక గడిలో ఒకటి అని ఉంది. ఆ ఒకటి ఆమే. ముందుమాట రాస్తానని అన్న ఫైలు అడిగితే రెండూ ఉన్న ఫైలే ఇచ్చాను. మొదటి పట్టిక తీసేయాలని తట్టకపోలేదు. అన్నకే కదా అనుకున్నాను.

నివేదిక వినిపించే రోజు అదే హాల్లో నూట ఇరవై కుర్చీలు వేశారు. ఆమె నాలుగో వరుసలో కూర్చుంది. ఆమె మరిది ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అన్న తెర మీద శాతాలు చూపే గీతల బొమ్మ వేశాడు. అది నా రెండో పట్టికది కాదు. గీతలన్నీ సగానికి అటూ ఇటూ ఉంటే, ఒక్కటి మాత్రం పై అంచును తాకుతోంది.

"ఇగో, దీన్ని చూడుండ్రి" అన్నాడు అన్న. "ఉర్దూ మాట్లాడే ఇండ్లు, లాంప్ రూం డ్యూటీ, భర్త పోయిన ఆడవాళ్లు. మళ్లీ పెళ్లి ఆలోచన ఎంతమందికున్నది? వంద శాతం!"

వెనకనుంచి ఎవరో అరిచారు. "వంద మందున్నరా సార్ మా లాంప్ రూంల?"

"వంద ఏందిరా, ఒక్కతే గదా!" ఇంకొకడు అందుకున్నాడు.

హాలంతా నవ్వింది. ఆమె లేవలేదు. ఒళ్లోని టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ, విప్పుతూ కూర్చుంది. నేను తలుపు వైపు చూసేసరికి మరిది లేడు.

అందరూ పోయాక అన్నను నిలదీశాను.

"పేరెక్కడ చెప్పిన తమ్మీ? ఒక్క పేరు చూపియ్యి."

"ఐదుకు తక్కువుంటే కలపాలని నీకు తెల్వదా అన్నా?"

"అన్నీ తీస్కపోయి ఇతరులు అని ఒక్క గంపల పోస్తివి. ఇగ వైవిధ్యం ఏడ కనబడుతది? ఒక్కరున్నా కనబడాలె. నీకు లెక్కనే కావాలె, నాకు మనుషులు కావాలె."

ఆ మాటలో కొంత నిజముంది. అందుకే ఇప్పటికీ మింగుడుపడదు. ఆ మనిషి నాలుగో వరుసలోనే ఉందని, శనివారం గదిలో ఆమెకు ఎన్నోసార్లు తలుపు తీసింది తానేనని ఆయనకు తెలుసు. ఆ గీత పెట్టకముందు నన్ను ఒక్క మాట అడగలేదు.

నాలుగో రోజు లాంప్ రూం కిటికీ దగ్గరికి వెళ్లాను. సెకండ్ షిఫ్టు వాళ్లకు దీపాలిస్తోంది. వరుస అయిపోయేదాకా నా వైపు చూడలేదు.

"పిల్లను కమాన్‌పూర్ తీస్కపోయింది మా అత్తమ్మ" అంది అప్పుడు. "బడి గూడ బంద్."

తప్పు మాదేనన్నాను.

"ఈడ ఒక దీపం తిరిగి రాకుంటే నంబర్ చూసి మనిషిని దేవులాడుతరు సార్. మా తాన నంబరంటే మనిషే. ఖనిల పుట్టి మీకు తెల్వదా?" అంది. "ఒక్క పని చెయ్యుండ్రి. మా అత్తమ్మ తాన పోయి లెక్క తప్పయిందని చెప్పుండ్రి. మీరు చెప్తే నమ్ముతది. మీ లెక్క తప్పదంటరు గదా అందరు."

నా జీవితంలో తెలిసి ఒక్క అంకె కూడా మార్చలేదు. మరునాడే కమాన్‌పూర్ బస్సెక్కాను.

అత్త తన చెల్లెలింటి అరుగు మీద బియ్యం ఏరుతోంది. పిల్ల పక్కనే కూర్చుని తీసేసిన రాళ్లు లెక్కపెడుతోంది.

"లెక్క తప్పింది అమ్మా. అచ్చులో పొరపాటు."

"బైఠో బేటా" అని అరుగు మీద చోటు చూపించింది. చేట పక్కన పెట్టింది. "అంకె తప్పయిందో కాలేదో నాకేం తెలుసు. ముచ్చట తప్పా?"

అవునంటే సరిపోయేది. అన్న నేర్పిన మౌనమే, ఆ రోజు అడగకుండానే వచ్చి కూర్చుంది. ఆమె నా మొహం చూసి తల ఊపింది.

"నాకు చెప్పకుంట మీకు చెప్పింది. మీరు ఊరికి చెప్పిండ్రు. నా కొడుకు పోయిన్నాడు నన్ను పట్టుకొనే ఏడ్చింది నా కోడలు. నేనెప్పుడు పరాయిదాన్నయిన?"

ఆమె లేచి పిల్ల గౌన్లు రెండు మడతపెట్టి సంచిలో వేసింది.

"ఇయ్యాల కాదు. ఆదివారం నేనే తీస్కొస్త. నా మొహం చూసి చెప్పుమను, ఇప్పుడైన."

ఆదివారం పిల్లను తీసుకొచ్చి అత్త మాట నిలబెట్టుకుంది. ఆ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలుసుకునే హక్కు కూడా లేదు. అన్నతో కలిసి శనివారాలు కూర్చోవడం ఆ వారంతో ఆగిపోయింది. మొన్న ఆయన పదవీ విరమణ సన్మానంలో పంచిన పుస్తకం అట్ట మీద ఆ గీతల బొమ్మే ఉంది, పై అంచును తాకే గీతతో సహా.

పిల్ల తిరిగొచ్చాక ఆమె శనివారం గదికి ఒక్కసారే వచ్చింది, కూతురి చెయ్యి పట్టుకుని. కుర్చీలో కూర్చోలేదు.

"నేను సంతకం పెట్టిన కాయితం ఇచ్చెయ్యుండ్రి సార్."

ఫైలులోంచి తీసి ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి టిఫిన్ సంచిలో వేసుకుంది.

"నిఖాకు మిమ్ముల పిలుద్దామనుకున్న" అంది. "ఇగ పిలువ."

వాళ్లు వెళ్లాక నోటుబుక్కు తీసి ఆమె గడి కొట్టేసి, మొత్తాలు మళ్లీ వేశాను. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. రెండూ సరిపోయాయి. నమ్మకం కుదరక మూడోసారి కూడి చూశాను.